హలీనా వాళ్ళమ్మ మధ్యమం

నిరుపమ చేసే ఉద్యోగం కాంక్రీటు పగలగొట్టడం. భూకంపం వచ్చిపోయి చాలా ఏళ్ళయినా క్రైస్ట్‌చర్చ్‌లో కాంక్రీటును ఎవరూ మాట మీద నమ్మరు. ఎక్కడ పునాది పోసినా అందులోంచి కొంత తీసి, డబ్బాల్లో గట్టిపరిచి ల్యాబుకు పంపుతారు. నిరుపమ ఆ దిమ్మల్ని మిషన్లో నిలబెట్టి, పగిలేదాకా నొక్కి, ఎంత బరువుకు లొంగాయో రాసి పంపుతుంది. కాస్త చూసీచూడనట్టు పొమ్మని సైటు మేనేజర్లు ఫోన్లో బతిమాలుతుంటారు. ఆ బతిమాలడం ఆమె దగ్గర ఏనాడూ పనిచేయలేదు. హన్మకొండలో వాళ్ళమ్మ ఆమెను చిన్నప్పుడే మొండిఘటం అని తేల్చేసింది. ఆ మొండితనానికి జీతమిచ్చే దేశం ఒకటుందని అప్పట్లో ఎవరికీ తెలియదు.

ఆ మనిషే సాయంత్రం ఇంటికొచ్చి, చేతికంటిన సిమెంటు దుమ్ము కడుక్కుని వీణ ముందు కూర్చుంటుంది. చదువుకని వచ్చినప్పుడు వెంట తెచ్చుకోలేకపోయిన వీణను, పెళ్ళయ్యాక భర్త వీరేశం విమానంలో పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిపెట్టాడు. వాయవ్యం నుంచి వేడిగాలి వీచిన రోజున ఆ ఊళ్ళో తడి గుడ్డలే కాదు, వీణ మెట్ల కింది మైనం కూడా ఎండి బీటలు వారుతుంది. బాగుచేసేవాళ్ళు ఆ ఊరున్న దీవి మొత్తం వెతికినా దొరకలేదు. తనే స్టవ్వు మీద మైనం కరిగించి మెట్లు కూర్చడం నేర్చుకుంది. వీరేశానికి టైల్స్ వ్యాపారం. అతని పనిముట్లలో సగం వీణ దగ్గరే ఉంటాయి, అడిగితే దొరకవు.

వీణ నేర్పింది ఇందిరాదేవి టీచరు. ఆవిడ ఇంట్లో ఒక రివాజు ఉండేది. వీధిలో పెళ్ళి బ్యాండు వాయించినా, పక్కింటి రేడియోలో ఏదో పాట వచ్చినా, ముందు దాని రాగం చెప్పాలి, ఆ తర్వాతే పాఠం. రాగం పేరు దొరకని పాటను ఆవిడ పాటల్లో లెక్కే కట్టేది కాదు. ఆ అలవాటు నిరుపమకు ఎముకల్లోకి ఇంకింది. ఏ దేశం పాట చెవిన పడ్డా లోపలి నుంచి ఎవరో గదమాయిస్తారు, ముందు రాగం చెప్పు అని.

ఆ ఊళ్ళోనే వూల్‌స్టన్ పేటలో ఓ పాత హాలుంది. గురువారం సాయంత్రాలు అక్కడ మీటి వాయించే వాయిద్యాలవాళ్ళు కూడతారు. మాండలిన్లు, గిటార్లు, పిలవకపోయినా వచ్చేసే, బొమ్మ గిటార్లలాంటి యూకలేలేలు. వాటిని నడిపించే పెద్దమనిషి గ్రేమ్, డెబ్బై దాటినవాడు. ఆయనది ల్యూట్. బోర్లించిన సగం గుమ్మడికాయలా ఉంటుంది, మీటితే గుసగుసలాడుతుంది. తనే చెక్కుకున్నాడు. ఆయన్ని చూసినప్పుడల్లా నిరుపమకు ఒక్క విషయంలో అసూయ. ఆ ల్యూట్‌కు మెట్లు లోహంవి కావు, మైనంలో కూర్చినవీ కావు. గొర్రె పేగుతో చేసిన దారాన్ని మెడ చుట్టూ బిగించి కట్టిన ముడులు. బొటనవేలితో నెట్టితే అటూ ఇటూ జరుగుతాయి.

ఒక గురువారం ఆ హాలుకు హలీనా వచ్చింది. ఖార్కివ్ నగరంలో ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక, ఇక్కడే స్థిరపడ్డ కూతురి దగ్గరికి ప్రత్యేక వీసా మీద వచ్చి చేరింది. రోజంతా కిటికీ ముందు కూర్చుని ఫోన్లో వార్తలు చూస్తుంటే భరించలేక, కూతురే ఆవిణ్ణి హాలు దగ్గర దింపి పోయింది. హలీనాకు వాయిద్యం ఏదీ రాదు. పాటలు మాత్రం వచ్చు. కొండ ప్రాంతంలో పుట్టిన వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి, కోతల పాటలు, పెళ్ళి పాటలు, మంచు కురిసే రోజుల పాటలు.

ఆవిడ ఒకటి పాడేసరికి హాల్లో యూకలేలేలు కూడా ఊరుకున్నాయి. పొలం కోసి, చివరి కంకుల పనను పూలతో కట్టుకుని ఇంటికొస్తూ ఆడవాళ్ళు పాడుకునే పాట అది. తియ్యగా ఏమీ లేదు. ట్రామ్ బ్రేకు వేసినంత గట్టి గొంతు.

"దీన్ని మనం వాయించాలి" అన్నాడు గ్రేమ్.

"మా దగ్గర బందూరా ఉంటుంది. ఒళ్ళో నిలబెట్టుకుని మీటుతారు. చీపురు పుల్లల్లా బోలెడు తీగలు" అంది హలీనా, కూడబలుక్కున్న ఇంగ్లీషులో.

ఆ ఊళ్ళో వాళ్ళెవరి దగ్గరా బందూరా లేదు. అందుకని దాని పని అందరికీ పంచారు. కింది తీగల పని ల్యూట్‌కు, పైవి మాండలిన్లకు, నింపుడు గిటార్లకు. పాట వెనకాలే నడిచే పని వీణకు. ఇక నిరుపమా గ్రేమూ కూర్చుని అమర్చడం మొదలుపెట్టారు. ఆయన ఏ తీగ మీద ఏ మెట్టో అక్షరాలు వేసుకుంటాడు, ఆమె సరిగమలు వేసుకుంటుంది. ఒకరిది ఒకరికి అర్థం కాదు. వాయించి చూపించుకుంటే సరిపోయేది.

కోత పాట రెండోసారి వినగానే నిరుపమలో ఇందిరాదేవి టీచరు లేచి కూర్చుంది. సాధారణ గాంధారం, దాని మీద ఎత్తు మధ్యమం, అటుపైన పంచమం. చూసుకుంటే అచ్చం హేమవతి రాగం.

ఆ పూట అన్నం తింటూ వీరేశానికి చెప్పింది. "వాళ్ళకు తెల్వకుంట హేమవతి పాడుకుంటున్నరు. మధ్యమం ఒక్కటే ఒక్కోసారి జారుతది. నేను సాపు జేస్త."

"ఆమెను అడిగినవా?" అన్నాడు వీరేశం.

"అడిగేదేముంది. రాగం తెలిసినంక."

చేసింది. జారిన మధ్యమాన్ని ప్రతిచోటా పైకెత్తి నిలబెట్టింది, దాని మీద ఓ గమకం వేసింది, చివర్లో చక్కగా ఆధార స్వరమైన షడ్జానికి తెచ్చి దించింది. గురువారం హాల్లో వాయించి చూపించింది. హలీనా చేతులు ఒళ్ళో పెట్టుకుని మొత్తం శ్రద్ధగా విన్నది.

"చాలా బాగుంది. ఎవరి పాట ఇది?" అంది.

వెటకారం కాదు. ఆవిడకు నిజంగానే తెలియలేదు. నిరుపమకు చెంప చెళ్ళుమన్నట్టయింది. మర్నాడు ల్యాబులో దిమ్మలు పగులుతుంటే మామూలుగా వచ్చే తృప్తి కూడా రాలేదు. తప్పు తనది కాదని వాదించడానికి మాటలు వెతికింది, దొరక్క మరింత కోపం తెచ్చుకుంది. శనివారం కారు తీసి నేరుగా హలీనా కూతురి ఇంటికి వెళ్ళింది.

హలీనా వంటింట్లో బీట్‌రూట్ చెక్కు తీస్తోంది. నిరుపమకు కూడా ఒక చాకు ఇచ్చింది. ఇద్దరి వేళ్ళూ ఎర్రబడ్డాయి. చెక్కు తీస్తూనే హలీనా ఆ పాట మళ్ళీ మళ్ళీ పాడింది. ఒకసారి ఆ మధ్యమం పైన పలికింది, ఒకసారి కింద, ఇంకోసారి రెంటికీ మధ్య, వీణ మీద ఏ మెట్టూ లేని చోట.

"వీటిలో ఏది సరైంది ఆంటీ?" అంది నిరుపమ. హలీనాకు ఆ ఆంటీ అనే పిలుపు అలవాటైపోయింది.

"మా అమ్మ పొలానికి వెళ్ళేటప్పుడు పైన పాడేది. తిరిగొచ్చేటప్పుడు దిగేది. మనిషి అలిసిపోతే గొంతు అలిసిపోదా? అన్నీ సరైనవే. అన్నీ మా అమ్మవే."

నిరుపమ తలొంచుకుని బీట్‌రూట్ చెక్కు తీసింది. అంతమంది మేనేజర్లు బతిమాలినా దిమ్మ పగిలిన చోటును ఒక్క గీత అటూ ఇటూ జరపని మనిషి తను. ఎవరో కన్నతల్లి పాటను మాత్రం అడక్కుండానే జరిపేసింది. సిగ్గేసింది. ఆ సిగ్గు ఆమెలో ఎక్కువసేపు సిగ్గుగా ఉండదు, పంతంగా మారుతుంది. ఆ పూటే మారింది.

అమరిక మొత్తం విప్పి మళ్ళీ కట్టింది. గమకం తీసేసింది. చెయ్యి అలవాటుగా ఊగబోతే ఊగకుండా పట్టుకోవడానికి చాలా వారాలు పట్టింది. మధ్యలో ఉన్న ఆ మధ్యమానికి తీగను కొద్దిగా, ఒక్క రవ్వ, పక్కకు లాగి నిలపడం సాధించింది. వీణకు ఆ వీలుంది. గిటార్లకు లేదు. వాళ్ళ మెట్లు కదలవు, పాట ఆ చోటికి రాగానే రెండూ ఒకదాన్నొకటి కరుచుకునేవి.

"మామూలు మధ్యమం పెట్టేద్దాం. వినేవాళ్ళకు హాయిగా ఉంటుంది" అన్నాడు గ్రేమ్.

"నేనూ అలాగే సాపు చేశాను. ఎవరి పాట ఇది అని అడిగింది" అంది నిరుపమ. "గిటార్లను అక్కడ ఆగమనండి."

గ్రేమ్ ఏదో గొణిగాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.

శీతాకాలంలో ఆ ఊళ్ళో తీగ వాయిద్యాల కచేరీ ఒకటి జరుగుతుంది. జరిపించేది ఒక కళల ట్రస్టు. గురువారాల హాలు కూడా వాళ్ళదే, ఉచితంగా ఇస్తున్నారు. వాళ్ళ తరఫున ఫిలిపా అనే ఆవిడ, ఇంట్లో కాల్చిన స్కోన్ రొట్టెలు పట్టుకుని, ఓ గురువారం వచ్చింది. మంచి మనిషే. పాట విని కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. కార్యక్రమంలో దీన్ని "స్లావిక్ మెలోడీస్" అని, రష్యాకూ ఉక్రెయిన్‌కూ కలిపి వాడే పేరుతో వేస్తారు. ఇంకో బృందం వాయించే రష్యన్ పాటలతో కలిపి ఒకే భాగంగా, మధ్యలో చప్పట్లు లేకుండా.

"ఈసారి దేశాల పేర్లు వద్దనుకున్నాం. ఎవరి మనసూ నొప్పించకూడదు కదా. సంగీతానికి సరిహద్దులుండవు" అంది.

హలీనా ఆ మాటను మనసులో తన భాషలోకి మార్చుకునేదాకా అందరూ ఆగారు.

"సరిహద్దు లేదన్నవాళ్ళే మా వీధి మీద బాంబులేశారు" అంది హలీనా. "నేను ఆ పేరుతో పాడను."

కోటు తొడుక్కుని బయటికి నడిచింది. గట్టిగా అరవలేదు, తలుపు కూడా మెల్లగానే వేసింది.

నిరుపమకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. రైల్వే ఉద్యోగం, నాగపూర్‌లో సగం జీవితం. ఆఫీసులో ఆయన పేరు మద్రాసీ. మద్రాసు ఏ దిక్కునుందో కూడా చూసినవాడు కాదు. పిలిచిన ప్రతిసారీ, నవ్వినా విసుక్కున్నా, "మద్రాసీ నహీ, తెలుగు" అనేవాడు. రిటైరైన రోజు దండ వేసినప్పుడు కూడా అలాగే దిద్ది, దిద్దాకే దండ వేయించుకున్నాడు. చిన్నప్పుడు నిరుపమకు అది చాదస్తంగా తోచేది. ఇప్పుడు ఆ చాదస్తం మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

"ఉక్రెయిన్ పేరు వెయ్యకపోతే పాట లేదు" అంది.

ఫిలిపా నొచ్చుకుంది. ఖాళీ అయిన సమయాన్ని ఎలా పూడ్చాలో ఆలోచించింది. ఆవిడ మొహం అంతలోనే వెలిగింది. "పోనీ నువ్వొక్కదానివే వీణ వాయించరాదూ? 'ఇండియన్ వీణ' అని వేద్దాం. మీవాళ్ళందరూ వస్తారు."

"ఇండియా పేరు వెయ్యొచ్చా?"

"అది వేరు" అంది ఫిలిపా.

ఎందుకు వేరో నిరుపమ అడగలేదు. "సరే, వాయిస్తా" అంది. గ్రేమ్ తల తిప్పి ఆమెను ఒకసారి చూసి, తన ల్యూట్ పెట్టెను మూసుకున్నాడు.

ఇంటికొచ్చి వీరేశానికి చెప్పేటప్పటికి సంగతి అప్పుడే ఊరంతా పాకింది. తెలుగు సంఘం అధ్యక్షుడు రామలింగేశ్వరరావు గారు ఫోన్ మీద ఫోన్. ఆయనది కాకినాడ, సంగీతమంటే ప్రాణం. సంఘం వాళ్ళం అంతా వచ్చి ముందు వరసల్లో కూర్చుంటామని మాట కూడా ఇచ్చేశాడు.

"ఇండియన్ వీణ అనే వేయనీ. దాని మీద ఆ పాటనే వాయిస్త" అంది నిరుపమ.

వీరేశం తింటున్న ముద్ద ఆపాడు. "ఎందుకే మనకీ పంచాయతి? హాలు వాళ్ళది. రేపు వద్దంటే గ్రేమ్ సార్ వాళ్ళంత యాడికి పోతరు? మనోళ్ళు గూడ ఏమనుకుంటరు? కీర్తన వింటమని కదా వస్తున్నరు."

"కీర్తన ఇంట్ల వాయిస్త. ఎవరొద్దన్నరు."

"నీకు మల్ల పిలుపు రాదు."

"రాకుంటే రాకపాయె."

వీరేశం ప్లేటు తీసుకుని లేచాడు. భార్యతో వాదించి గెలిచిన రోజు అతనికి జ్ఞాపకం లేదు. "వీణ నేను మోస్తలే. నీకు నడుము నొప్పి" అన్నాడు.

హలీనా దగ్గరికి కూడా వెళ్ళి చెప్పింది. అడగకుండా ఇంకొకసారి ఆ పాట ముట్టుకోదల్చుకోలేదు. హలీనా కిటికీ ముందు నుంచి లేచి వచ్చింది.

"వాయించు. నేను స్టేజీ ఎక్కను. మా దేశం పేరు లేని చోట ఎక్కను. కింద కూర్చుంటాను" అంది.

ఆదివారం మధ్యాహ్నం, దక్షిణ ధ్రువం వైపు నుంచి వీచే గాలి ఎముకలు కొరుకుతున్న రోజు. హాలు నిండింది. ముందు వరసల్లో పట్టుచీరల మీద మందపాటి పఫర్ జాకెట్లు వేసుకుని తెలుగువాళ్ళు, మధ్యలో శాలువా కప్పుకుని రామలింగేశ్వరరావు గారు. వెనక వరసలో తలుపు పక్కన హలీనా. గ్రేమ్‌తో నిరుపమ ఏమీ చెప్పలేదు. చెప్తే ఆయన్ని ఇరకాటంలో పెట్టినట్టవుతుందని ఊరుకుంది.

నిరుపమ వీణ శ్రుతి చేసుకుంటుంటే, స్టేజీ పక్క నుంచి గ్రేమ్ ఒక కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన వేసుకున్నాడు. ల్యూట్ ఒళ్ళో పెట్టుకుని, కట్టిన ముడుల్లో ఒకదాన్ని చూపించాడు. అది ఉండాల్సిన చోట లేదు. కొంచెం కిందికి జరిగి ఉంది, అటూ కాకుండా ఇటూ కాకుండా.

"హలీనా చెప్పింది. మెట్టు జరిపాను. మిగతా తీగల్ని అక్కడ ముట్టుకోకుండా వేళ్ళు మార్చుకున్నాను. వారమంతా అదే పని" అన్నాడు మెల్లగా.

"మీకు హాలు పోతుంది" అంది నిరుపమ.

"నాకు గరాజ్ ఉంది."

ఫిలిపా మైకులో ఇండియన్ వీణ అని ప్రకటించి, ల్యూట్‌ను చూసి కొంచెం తికమకపడి, దిగిపోయింది. నిరుపమ మైకు దగ్గరికి లాక్కుంది.

"వీణ ఇండియాదే. ఈ పాట ఇండియాది కాదు. ఇది ఉక్రెయిన్ పాట. కొండల్లో పొలం కోసుకునే ఆడవాళ్ళది. హలీనా గారు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నారు, నాకు నేర్పారు. దీనికి వేరే పేరు వేస్తామన్నారు. నేను ఒప్పుకోను" అంది ఇంగ్లీషులో.

హాల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో రామలింగేశ్వరరావు గారు శాలువా సర్దుకున్నారు. నిరుపమ మీటింది.

మొదటి చరణం వీణా ల్యూట్ కలిసి నడిచాయి. ఆ మధ్యమం దగ్గరికొచ్చేసరికి ఆమె వేలు ఊగడానికి సిద్ధమైంది. ఊగనివ్వలేదు. తీగను రవ్వంత లాగి, కదలకుండా నిలిపింది. పక్కన ల్యూట్ అదే చోట పలికింది. రెండూ కరుచుకోలేదు.

రెండో చరణం ఎత్తుకుంటుండగా వెనక తలుపు దగ్గర నుంచి ఆ గట్టి గొంతు లేచింది. హలీనా నిలబడలేదు, కూర్చునే పాడింది. ముందు వరసలవాళ్ళంతా వెనక్కి తిరిగారు. ఆవిడ బీట్‌రూట్ చెక్కు తీసినప్పుడు పాడినట్టు పాడలేదు, హాల్లో నేర్పినట్టూ పాడలేదు. ఈసారి మధ్యమం నిరుపమ ఎన్నడూ విననంత కిందికి దిగింది. ఇంటికి తిరిగొచ్చే పాట, ఇల్లు లేని మనిషి పాడుతోంది. నిరుపమ నేర్చుకున్నదంతా వదిలేసి, ఆ గొంతు ఎక్కడికి దిగితే తీగను అక్కడికి వదులుతూ వెంట నడిచింది. గ్రేమ్ ఆ చోట చెయ్యి తీసేసి ఊరుకున్నాడు.

పాట షడ్జానికి రాలేదు. హలీనా ఊపిరి అయిపోయిన చోట ఆగిపోయింది. వీణ కూడా అక్కడే ఆగింది.

చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి, కాని చాలాసేపు మోగాయి. ఫిలిపా స్టేజీ పక్కన ఎర్రబడ్డ మొహంతో నిలబడి ఉంది. "మనం మాట్లాడుకోవాలి" అంది దిగొస్తున్న నిరుపమతో.

"మాట్లాడుకుందాం. ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టుకుని" అంది నిరుపమ, వెనక వరస చూపించి.

టీ బల్ల దగ్గర రామలింగేశ్వరరావు గారు ఆమెను పట్టుకున్నారు. ఆయన పక్కనే హలీనా, చేతిలో కప్పుతో. వీరేశం వీణను దుప్పట్లో చుడుతున్నాడు.

"అద్భుతంగా వాయించావమ్మాయ్. హేమవతే కదూ? కానీ మధ్యలో మధ్యమం తప్పిందేం? ఈ చలికి మైనం పట్టు వదిలి మెట్టుగానీ కదిలిందా?"

"మెట్టు బాగనే ఉంది అంకుల్. అది రాగం కాదు. ఈమె వాళ్ళమ్మ అట్లనే పాడేది."

కోపం లేదు ఆయనకు, పాట నచ్చింది. దాన్ని ఏదో ఒక రాగం కింద పెట్టుకుంటే తప్ప ఇంటికి తీసుకెళ్ళలేరు, అంతే. ఆ తపన ఏమిటో నిరుపమకు బాగా తెలుసు.

"ఏదో ఒక పేరుండాలిగా అమ్మా. పోనీ, హేమవతి అనే అనుకుందాంలే" అన్నారు.

"అనుకోవద్దంకుల్" అంది నిరుపమ.